ఎవరి కోడ్ కింద?



మన వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ డాక్టర్లయినవారు, టీచర్లయినవారు, గ్రూప్స్ కొట్టినవారు రాస్తుంటారు. చదివి సంతోషిస్తుంటాం. ఈసారి సంఘం మిత్రులు నన్ను రాయమన్నారు. నాది ఆ కోవకు చెందిన ఉద్యోగం కాదు. అసలు ఉద్యోగమే కాదు. తిరుపతిలో ఇంటి లోన్లు ఇప్పించే ఏజెంటును నేను. బ్యాంకుల భాషలో డీఎస్ఏ, అంటే డైరెక్ట్ సెల్లింగ్ ఏజెంట్ అంటారు. మా అమ్మ మాత్రం ఊళ్లో ఇప్పటికీ "మావోడు బ్యాంకులో పని" అనే చెప్పుకుంటుంది. నేను దిద్దడం మానేశాను.

మన హాస్టల్లో చదివి డిగ్రీ ముగించిన ఇద్దరు తమ్ముళ్లు ఈ మధ్య నా దగ్గరికి వచ్చారు. ఇదే పనిలో చేరదామనుకుంటున్నామన్నారు. ఒకరి చేతిలో పదహారు పేజీల ఇంగ్లీషు అగ్రిమెంటు. సంతకం పెట్టమని కంపెనీవాళ్లు రెండు రోజుల గడువిచ్చారట. "అన్నా, ఏ కంపెనీ కింద చేరితే మంచిది?" అని అడిగారు. వాళ్లకు చెప్పిందే ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ పని ఏమిటో చెబుతాను. తిరుపతిలో ఇల్లు కట్టుకోవాలనుకునేవారికి కొదవ లేదు. దేవస్థానం ఉద్యోగులు, రుయా, స్విమ్స్ నర్సులు, యూనివర్సిటీ సిబ్బంది, కరకంబాడి బ్యాటరీ ఫ్యాక్టరీలో పనిచేసేవారు, ఆర్టీసీ డ్రైవర్లు... చిత్తూరు వైపు పోతే మామిడి తోటలు, పాడి, లారీలు. వీళ్లకు లోను కావాలి. బ్యాంకుకు కాగితాలు కావాలి. జీతం స్లిప్పులు, రిటర్నులు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాను, ఎస్టిమేటు... ఇవన్నీ ఒక వరుసలో పెట్టి, లేనిది తెప్పించి, లీగల్ ఒపీనియన్ దాకా, ఇంజనీరు వచ్చి స్థలం చూసి పోయేదాకా వెంట తిరిగేది మేము. లోను మంజూరై డబ్బు విడుదలైతే బ్యాంకు మాకు కమీషన్ ఇస్తుంది. ఫైలు పడిపోతే మన తిరుగుడు ఖర్చు మనదే.

మన ప్రాంతంలో స్థలం కాగితాలు చూడడమే ఒక చదువు. డీకేటీ పట్టా స్థలం కొని వస్తారు కొందరు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఒకటుందని, ప్రభుత్వం పేదలకిచ్చిన భూమిని మామూలు భూమిలా అమ్మడం, కొనడం కుదరదని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. సర్వే నంబరు నిషేధిత జాబితాలో, అదే 22ఏ లో ఉందేమో చూడాలి. దేవుని మాన్యమా, మఠం భూమా, గ్రామకంఠమా చూడాలి. ఈ సంగతులు ఏ కంపెనీవాళ్లూ నేర్పరు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని నేర్చుకున్నవే.

ఇంత తెలిసినా నేరుగా బ్యాంకుకు పోయి "నేను ఫైళ్లు తెస్తాను, కమీషన్ ఇవ్వండి" అంటే కుదరదు. కోడ్ కావాలి. ఏజెంటుకు బ్యాంకు ఇచ్చే నంబరు అది. ఫైలు మీద ఏ కోడ్ ఉంటే కమీషన్ ఆ కోడ్ వారికి పోతుంది. కొత్తవాడికి, వెనుక ఏమీ లేనివాడికి సొంత కోడ్ రావడం కష్టం. నెలకు ఇన్ని కోట్ల వ్యాపారం తేవాలని ముందే అడుగుతారు. అందుకని అప్పటికే కోడ్ ఉన్న పెద్ద కంపెనీ కింద చేరి, వారి కోడ్ మీద మన ఫైళ్లు పంపుతాం. బ్యాంకు వాళ్లకిస్తుంది, వాళ్లు మనకు వాటా ఇస్తారు. ఇక అంతా ఆ కంపెనీ మీదే ఆధారం.

మన సీనియర్ ఒకాయన అమెరికాలో డాలస్‌లో ఇదే పని చేస్తున్నారు. ఫోన్లో మాట్లాడుకుంటే ఆయన కష్టం కూడా ఇదే! అక్కడ దాన్ని నెట్ బ్రాంచ్ అంటారట. పెద్ద మార్ట్‌గేజ్ కంపెనీ తన లైసెన్సు, తన పేరు, లోను మంజూరు చేసే యంత్రాంగం ఇస్తుంది. బ్రాంచి నడిపేవాడు వచ్చిన ఆదాయంలో కంపెనీ వాటా, ఆఫీసు ఖర్చులు పోగా మిగిలింది తీసుకుంటాడు. కాకపోతే అక్కడ 2008 లో సేఫ్ యాక్ట్ అని చట్టం తెచ్చారు. లోన్ ఆఫీసరు 20 గంటల పాఠాలు విని, పరీక్ష పాసై, లైసెన్సు తీసుకోవాలి. 2011 నుంచి ఇంకో నియమం. వడ్డీ ఎక్కువ వేయించినందుకు లోన్ ఆఫీసరుకు ఎక్కువ కమీషన్ ఇవ్వకూడదు. ఇళ్ల లోన్ల మూలంగా వాళ్ల దేశమే తలకిందులయ్యాక వచ్చిన నియమం అది. మనకు అటువంటి లైసెన్సూ లేదు, అటువంటి కట్టడీ లేదు. ఏజెంటు చేసే పనికి బ్యాంకే బాధ్యత వహించాలని రిజర్వు బ్యాంకు 2006 లో చెప్పింది. బ్యాంకుల సంఘంవారి ప్రవర్తనా నియమావళి ఉంది. ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఏడు దాకానే ఫోన్ చేయాలని, లోను అడిగేవారి దగ్గర కానుకలు, లంచాలు తీసుకోరాదని అందులో ఉంది. కమీషన్ ఎక్కువొచ్చే చోటికి ఫైలు తోసేవాడిని ఆపేది మాత్రం వాడి మనసే.

ఇక నా సంగతి. డిగ్రీ అయ్యాక 2007 నుంచి తొమ్మిదేళ్లు ఒక ఏజెన్సీ ఆఫీసులో జీతానికి చేశాను. ఫైళ్లు మోశాను, సంతకాలు పెట్టించాను, బండి మీద శ్రీకాళహస్తి నుంచి పలమనేరు దాకా తిరిగాను. చివరి రెండేళ్లు జీతంలో పన్ను కోసం అని పట్టుకున్నారు. తర్వాత నా పాన్ నంబరు మీద ఫారం 26ఏఎస్ తీసి చూస్తే ఆ పన్ను ఎక్కడా జమ కాలేదు. అడిగితే ఆడిటరు చూసుకుంటాడన్నారు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాయి. రిజిస్ట్రేషన్లు పడిపోయాయి. డిసెంబరు జీతం రాలేదు. జనవరికి ఆఫీసు తాళం వేశారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, పెద్దవాడు ఒకటో తరగతి.

చేతిలో ఉన్నదల్లా నా నోటు పుస్తకం. అందులో తొమ్మిదేళ్లలో నేను చూసుకున్న వందలాది కుటుంబాల వివరాలున్నాయి. దాని విలువ నాకంటే ముందు కంపెనీలకే తెలిసింది. నెల రోజుల్లో మూడు చోట్ల నుంచి పిలుపు వచ్చింది.

మొదటిది ఒక చిన్న హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ. ఇచ్చిన లోను మీద నూటికి రూపాయి పావలా కమీషన్. వాళ్ల ఆఫీసులోనే టేబులు, కుర్చీ, నా పేరుతో విజిటింగ్ కార్డు. షరతు ఒక్కటే. నా ఫైళ్లన్నీ వాళ్లకే ఇవ్వాలి, వేరే బ్యాంకు గడప తొక్కకూడదు. రెండోది హైదరాబాద్ కంపెనీ. నలభై బ్యాంకులున్నాయన్నారు, చిత్తూరు జిల్లా మొత్తం నాదేనన్నారు. ముందుగా 75 వేలు ఫ్రాంచైజీ ఫీజు కట్టాలి. మూడోది చెన్నై కంపెనీ. ఆరు బ్యాంకుల్లో కోడ్ ఉంది. బ్యాంకు ఇచ్చే అర శాతంలో నాకు నూటికి డెబ్బై. టేబులు లేదు, కార్డు లేదు, డబ్బు రావడానికి రెండు నెలలు పడుతుంది.

ఆ టేబులు, కుర్చీ సంగతి చిన్నగా తీసిపారేయకండి. సొంతంగా ఆఫీసు గది కోసం నేను ఆ నెలలో ఎన్ని ఇళ్ల మెట్లు ఎక్కానో! గది చూపిస్తారు, బాడుగ చెబుతారు, అడ్వాన్సు మాట్లాడతారు. చివర్లో "మీరు ఏమోళ్లప్పా?" అని ఒక ప్రశ్న. చెప్పాక "మా తమ్ముడు వస్తానన్నాడు, అడిగి చెబుతా" అంటారు. తిరుపతిలో అంతమంది తమ్ముళ్లకు గదులు కావాలని నాకు అప్పుడే తెలిసింది. ఎదుటివాడు ఇల్లు తాకట్టు పెట్టి లోను తీసుకునేటప్పుడు మనల్ని ఎక్కడ కూర్చుని కలిశాడన్నది చూస్తాడు. టీ బంకు దగ్గర నిలబడి ఇరవై లక్షల లోను మాట్లాడితే నమ్మకం ఎలా కుదురుతుంది? కాబట్టి మొదటి కంపెనీ టేబులు నాకు బాగా నచ్చింది. మా ఆవిడ కూడా దానికే మొగ్గింది.

సరిగ్గా అప్పుడే మన హాస్టల్ వంట మామ వచ్చారు. నా తరం వారందరికీ ఆయన తెలుసు. రాత్రి ఆలస్యంగా వచ్చిన పిల్లవాడికి సాంబారన్నం దాచి పెట్టేవారు. అప్పటికి ఆయనకు ఇంకా ఆరేళ్ల సర్వీసుంది. కొడుకు మినీ వ్యాన్ నడుపుతాడు. మామిడి కాలంలో చిత్తూరు చుట్టూ ఉన్న గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి, మిగతా నెలల్లో మదనపల్లె టమాటా. రెండున్నర సెంట్ల స్థలం ఉంది, కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. పది లక్షల లోను కావాలి.

"ఏం నాయినా, మా వానికి లోను వస్తాదా రాదా?" అన్నారు.

"వస్తాది మామా. ఎప్పుడు వస్తాది, ఎంత వడ్డీకి వస్తాది అన్నదే చూడాల" అన్నాను.

బ్యాంకు పెట్టే అడ్డు ఏమిటంటే కొడుకుకు రెండేళ్ల రిటర్నులు కావాలి. వేసింది ఒక్క ఏడాదే. మార్చి పోయి రెండో ఏడాదిది వేసేదాకా ఆగాలి, అంటే అయిదారు నెలలు. చిన్న కంపెనీ అయితే రిటర్ను అడగదు. వ్యాన్ చూసి, ఇంటికొచ్చి మాట్లాడి, పది రోజుల్లో ఇస్తుంది. వడ్డీ పదమూడున్నర. బ్యాంకుది అప్పట్లో ఎనిమిది ముప్పావు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. తమ్ముళ్లూ, ఈ లెక్క మీరూ వేసి చూడండి. పది లక్షలు, పదిహేనేళ్లు. 8.75 శాతమైతే నెల కంతు దాదాపు 9,995. 13.5 శాతమైతే దాదాపు 12,983. నెలకు మూడు వేలు తేడా. పదిహేనేళ్లకు దాదాపు 5 లక్షల 38 వేలు. అటు నా కమీషన్ చూస్తే చిన్న కంపెనీలో 12,500. చెన్నై కంపెనీ ద్వారా బ్యాంకుకు పంపితే పది లక్షల్లో అర శాతం 5,000, అందులో నా వాటా 3,500. నాకు తొమ్మిది వేలు ఎక్కువ రావాలంటే మామ ఇంట్లోంచి అయిదు లక్షలు పోవాలి. మొదటి కంపెనీ అగ్రిమెంటు మీద సంతకం పెట్టాక నా చేతిలో వేరే దారి కూడా ఉండదు. ఆగితే తక్కువ వడ్డీకి వస్తుందని నాకు తెలిసినా ఆ మాట చెప్పే వీలు ఉండదు.

చిన్న కంపెనీలన్నీ చెడ్డవని నేను అనడం లేదు. రిటర్నులు ఎప్పటికీ వేయలేనివారు, చేతికి రోజు కూలీగా డబ్బు వచ్చేవారు ఉన్నారు. వాళ్లకు బ్యాంకు తలుపు తీయదు. ఆ కంపెనీలే లేకపోతే అయిదు రూపాయల వడ్డీకి పోవలసిందే. అటువంటి ఫైళ్లు నేనూ పంపాను, ఇప్పటికీ పంపుతాను. కానీ అందరినీ అక్కడికే పంపాలనే షరతు మీద సంతకం పెట్టలేను.

హైదరాబాద్ కంపెనీని వదిలేయడానికి ఎక్కువసేపు పట్టలేదు. పని ఇచ్చేవాడు మనకు డబ్బు ఇవ్వాలి గానీ మన దగ్గర తీసుకోవడమేమిటి? వాళ్ల కోడ్ ఉన్నాయన్న బ్యాంకుల్లో తిరుపతి బ్రాంచీలకు పోయి అడిగాను. రెండు చోట్ల ఆ పేరే వినలేదన్నారు. మన పల్లెల్లో ఏజెంటు అనే మాటకు ఇప్పటికే మచ్చ ఉంది. డిపాజిట్లు వసూలు చేసి తిరిగివ్వలేని కంపెనీలకు ఏజెంట్లుగా చేరి, చివరికి సొంత మేనమామలకు ముఖం చూపలేక ఊరు వదిలినవాళ్లను మీరూ చూసి ఉంటారు. కంపెనీ ఎక్కడో ఉంటుంది, గడప ముందుకు వచ్చి అడిగేది ఏజెంటునే.

చెన్నై కంపెనీని కూడా ఊరికే ఒప్పుకోలేదు. పొద్దున రైలెక్కి వాళ్ల ఆఫీసుకే పోయాను. తిరుపతివాళ్లకు చెన్నై పోవడం పక్క ఊరికి పోయినట్టే. అగ్రిమెంటు అయిదు పేజీలు. పేజీకో ప్రశ్న అడిగాను.

బ్యాంకు మీకు ఎంత ఇచ్చిందో ఆ కాగితం నెలనెలా నాకు చూపిస్తారా? ఇది చాలా ముఖ్యం. డెబ్బై శాతం వాటా అంటే గొప్పగా ఉంటుంది, ఎంతలో డెబ్బయ్యో తెలియకపోతే ఏం లాభం? వాళ్లు ఒప్పుకున్నారు, ఆ మాట అగ్రిమెంటులో రాయించుకున్నాను.

కస్టమరు ఏడాదిలోపే లోను తీర్చేసినా, వేరే బ్యాంకుకు మార్చుకున్నా కమీషన్ వెనక్కి తీసుకుంటారా? తీసుకుంటారు. దీన్ని క్లాబ్యాక్ అంటారు. 2012 నుంచి మారే వడ్డీ మీద ఉన్న ఇంటి లోన్లకు ముందుగా తీర్చినా బ్యాంకులు జరిమానా వేయకూడదు. కస్టమరుకు మంచిదే, మనకు మాత్రం ఈ ప్రమాదం ఉంది. బ్యాంకు ఎన్ని నెలలకు వెనక్కి అడుగుతుందో కంపెనీ మన దగ్గర కూడా అన్ని నెలలకే అడగాలి. ఆరు నెలలను పద్దెనిమిది చేసిన అగ్రిమెంట్లు చూశాను.

నేను మీ నుంచి వెళ్లిపోతే నా కస్టమర్లు ఎవరివాళ్లు? అగ్రిమెంటులో రెండేళ్ల దాకా వాళ్లతో మాట్లాడకూడదని ఉంది. "వాళ్లలో సగం మంది నా చుట్టాలు సార్, పెళ్లికి పిలిస్తే పోకుండా ఎట్లా?" అన్నాను. అక్కడున్న మేనేజరు నవ్వి ఆ వాక్యం కొట్టేసి పక్కన సంతకం పెట్టారు. వెళ్లిపోయిన తర్వాత కూడా, అప్పటికే మంజూరైన ఫైళ్ల డబ్బు ఇవ్వాలనే మాట కూడా రాయించాను.

టీడీఎస్ పట్టుకున్నది నా పాన్ మీద జమ అవుతుందా? పాత అనుభవం వల్ల అడిగాను. అప్పట్లో నూటికి అయిదు పట్టేవారు, 2024 అక్టోబరు నుంచి రెండే. పట్టుకోవడం తప్పు కాదు, జమ కావాలి.

ఇక కంపెనీ పేరు పెద్దదా చిన్నదా అని మాత్రం నేను పెద్దగా చూడలేదు. డీహెచ్ఎఫ్ఎల్ ఎంత పెద్ద పేరు! 2019 నవంబరులో దాని బోర్డును రిజర్వు బ్యాంకు తీసేసి దివాలా కోర్టుకు పంపింది. 2021 లో పిరమల్ వారి చేతికి పోయింది. అందరికంటే ముందు ఇంటి లోన్లు మొదలుపెట్టినవారిలో ఒకటైన హెచ్‌డీఎఫ్‌సీ సంస్థే 2023 జూలై 1 న తన బ్యాంకులో కలిసిపోయింది. అది బలహీనత వల్ల కాదు గానీ, కంపెనీ చేతులు మారడం ఎక్కడైనా జరిగేదే. మారితే మన బాకీ ఎవరిస్తారన్నది కాగితం మీద ఉండాలి.

చెన్నై కంపెనీలోనే చేరాను. మొదటి ఏడాది చాలా ఇబ్బంది పడ్డాం. డబ్బు రెండు నెలలన్నది మూడు నెలలయ్యేది. మా ఆవిడ కుట్టుమిషన్ మీద ఇల్లు గడిచిన నెలలున్నాయి. ఆఫీసు గది దొరకలేదు. పూర్వ విద్యార్థి మిత్రుడొకరు తన జిరాక్స్ షాపులో ఒక మూల ఇచ్చారు. రెండేళ్లు అక్కడే కూర్చున్నాను. జిరాక్స్ పక్కనే కాబట్టి నా కస్టమర్లకు సుఖంగానే ఉండేది!

వంట మామ ఆగారు. ఊరికే ఆగలేదు, నన్ను వారానికొకసారి పిలిచి "మార్చి ఎప్పుడొస్తాది నాయినా?" అని అడిగేవారు. కొడుక్కి కోపం వచ్చింది. నేను పని చేతకాక సాకులు చెబుతున్నానని ఊళ్లో అన్నాడని విన్నాను. అదే సమయంలో మొదటి కంపెనీవాళ్లు నేరుగా వాళ్ల ఇంటికి పోయి పది రోజుల్లో ఇస్తామన్నారు. నేను రెండు కంతులూ ఒక తెల్లకాగితం మీద పెద్ద అంకెలతో రాసి మామ చేతికిచ్చాను. నిర్ణయం మీది, అక్కడే తీసుకుంటే నాకేమీ కష్టం లేదన్నాను. నిజానికి కష్టంగానే ఉండేది. జూన్‌లో రిటర్ను వేశాం, తండ్రి జీతం, కొడుకు ఆదాయం కలిపి ఫైలు పెట్టాం, ఆగస్టులో మంజూరైంది. పునాదికి ఒక విడత, లింటెల్‌కు ఒక విడత, శ్లాబుకు ఒక విడత డబ్బు వచ్చింది. నాకు వచ్చిన కమీషన్ కూడా విడతలు విడతలుగానే వచ్చింది. మొదటి విడత వెయ్యి రూపాయలు కూడా లేదు. 2022 లో ప్రభుత్వం పదవీ విరమణ వయసు 62 కు పెంచినప్పుడు మామ కంతులకు ఇంకో రెండేళ్ల జీతం కలిసివచ్చింది.

2020 కరోనాలో నెలల తరబడి ఒక్క లోనూ విడుదల కాలేదు. అప్పుడు ఆ నెలవారీ కాగితం పనికొచ్చింది. కంపెనీ నాకు ఎంత బాకీ ఉందో పైసలతో సహా నా దగ్గర లెక్క ఉంది, ఆ లెక్క ప్రకారమే ఇచ్చారు. అదే వ్యాపారంలో ఉన్న నా మిత్రులిద్దరికి ఎంత రావాలో కూడా తెలియదు. వాళ్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఒక బ్యాంకులో నాకు సొంత కోడ్ ఉంది. మిగతావాటికి ఆ కంపెనీ కోడే వాడుతున్నాను. సొంత కోడ్ తీసుకునేవారికి ఒక మాట. వ్యక్తిగా ఉండి నేరుగా బ్యాంకుకు పనిచేస్తే 2018 జూలై చివరి నుంచి జీఎస్టీ కట్టే బాధ్యత బ్యాంకుది. కంపెనీ కింద ఉంటే ఆ వెసులుబాటు లేదు. ఏడాదికి 20 లక్షలు దాటితే మనమే రిజిస్టరు చేసుకోవాలి. మొదట్లో అంత వస్తుందని బెంగపడకండి.

2024 అక్టోబరు నుంచి కొత్త ఇంటి లోన్లకు ముఖ్య వివరాల పత్రం అని ఒకటి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. వడ్డీ, ఛార్జీలు అన్నీ కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో రాసి ఉంటుంది. నేను ఆ పేజీని కస్టమరుతో బిగ్గరగా చదివించి తర్వాతే సంతకం పెట్టించుకుంటాను. మీ నాన్నల సంతకం ఎవరైనా అడిగితే ముందు ఆ పేజీ అడగండి. లోను తీరాక అసలు డాక్యుమెంట్లు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, ఆలస్యమైతే రోజుకు 5 వేలు చెల్లించాలన్న నియమం కూడా 2023 డిసెంబరు నుంచి ఉంది. ఇది చాలామందికి తెలియదు.

నా దగ్గరికి వచ్చిన తమ్ముళ్లలో ఒకరు ఆ పదహారు పేజీల అగ్రిమెంటు వెనక్కి ఇచ్చేసి, ఒక ప్రభుత్వ బ్యాంకుకు పనిచేసే ఏజెన్సీలో జీతానికి చేరారు. ఇంకొకరు సంతకం పెట్టారు, అయితే మూడు షరతులు మార్పించుకున్నాకే. ఇద్దరూ బాగానే ఉన్నారు, చూద్దాం. ఈ పనిలోకి రావాలనుకునేవారు ఎవరైనా సరే, సంతకం పెట్టకముందు అగ్రిమెంటు జిరాక్స్ తీసుకుని వార్షికోత్సవం రోజున నన్ను కలవండి. భోజనాలయ్యాక వరండాలో కూర్చుని ఒక్కో పేజీ తెలుగులో చెబుతాను. పాన్ కార్డు కూడా తెచ్చుకోండి, లేనివాళ్లకు అక్కడే దరఖాస్తు నింపుదాం.